నీటి లెక్క

ఖమ్మము జిల్లా దక్షిణపు సరిహద్దున ఎర్రుపాలెము అను గ్రామము కలదు. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలు మార్గమున అది యొక స్టేషను. ఆ ప్రాంతమున కురిసిన వాన ముందుగా పొలములలో నిలుచును. పిదప చెరువును చేరును. చెరువు నిండి అలుగు పారినచో వాగులో పడును. వాగులు ఏటిని వెదకికొని పోవును. మధిర ప్రక్కగా పారు వైరా మున్నేటిలో కలియును. పాకాల ప్రాంతమున పుట్టిన మున్నేరు ఖమ్మము మీదుగా ప్రవహించి కృష్ణలో కలియును. కావున కృష్ణానది యనగా ఒక్క గొప్ప ప్రవాహము మాత్రమే కాదు. వేలకొలది పల్లెల పొలములును, చెరువులును, వాగులును అందు భాగస్వాములు. పల్లె యందు నీటిని పాడుచేసికొని, నదిని కాపాడవలెనని కోరుట వేరు నరికి కొమ్మకు నీరు పోయుట వంటిది.

ఈ సత్యమును మన పూర్వులు ఎరిగియుండిరి. 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని కాలమున పాకాల, రామప్ప మొదలగు మహాతటాకములు వెలసినవి. ఒక చెరువు అలుగు నీరు క్రింది చెరువును, దాని అలుగు నీరు మరియొక చెరువును నింపునట్లు గొలుసుకట్టు చెరువులను తెలుగువారు నిర్మించుకొనిరి. వానలు మెండుగా కురిసిన యేట అవి వరద వేగమును తగ్గించెడివి. వాన వెనుకపట్టిన యేట పైరును బ్రతికించెడివి. 2024 సెప్టెంబరు ఆరంభమున మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములోని పలు వీథులను ముంచివేసినది. నీటిని ఎక్కడికక్కడ ఆపి, మెల్లగా విడుచు ఏర్పాటు ఎంత విలువైనదో అట్టి దినములలో బోధపడును.

చెరువు కట్టుటతో పని ముగియదు, నీటిని పంచవలెను. అందులకు నీరటికాడు అను గ్రామసేవకుడు ఉండెడివాడు. రాయలసీమలో అతనిని నీరుగంటి యందురు. తూము తెరచుట, మూయుట, కాలువ వెంట తిరిగి మడి మడికిని నీరు పెట్టుట అతని పని. చెరువులో నీరెంత యున్నదో చూచి, ఈ యేడు ఎంత మేరకు నాటు వేయవచ్చునో అతడు పెద్దలకు చెప్పెడివాడు. పంట చేతికి వచ్చినపుడు రైతులు కళ్ళమునందే అతనికి ధాన్యము కొలిచి యిచ్చెడివారు. పలుచోట్ల అతడు దళిత కుటుంబమునకు చెందినవాడు. ఊరి నడుమ అతనికి తగిన గౌరవము దొరకకపోయినను, తూము దగ్గర మాత్రము అతని మాటయే చెల్లెడిది. ఎంత నీరున్నదో ముందు తెలిసికొనవలెను. పిదప దానిని పంచుకొనవలెను. ఆ పద్ధతి యంతయు ఈ రెండు సూత్రములపై నిలిచినది.

కాలము మారినది. గొట్టపు బావులు వచ్చినవి. కరెంటు మోటారు మీట నొక్కినంతనే నీరు పైకి వచ్చుచుండగా, తూముతోను నీరటికాడితోను పని యేమని రైతు తలచెను. చెరువులలో పూడిక పేరుకొనెను. వరద కాలువలు మూసికొనిపోయెను. చెరువులోని నీరు అందరి కంటికిని కనబడును. భూమి లోపలి నీరు ఎవరికిని కనబడదు. ఒకని బావి ఎండినచో వాడు మరింత లోతుగా త్రవ్వించును. అప్పుడు ప్రక్కవాని బావి ఎండును. వాడు అంతకంటె లోతునకు పోవును. ఇట్లు నూర్ల అడుగుల లోతునకు దిగియు నీరు దొరకక, త్రవ్వకపు ఖర్చునకై తెచ్చిన అప్పు మాత్రము తలపై మిగిలిన కుటుంబములు అనేకములు. నష్టము అంతటితో ఆగలేదు. వాన లేని దినములలో వాగున పారునది భూమి నుండి ఊరివచ్చిన నీరే. భూగర్భమున మట్టము తగ్గినకొలదిని వాగు ఎండును. వాగులు ఎండినకొలదిని నది చిక్కిపోవును.

దీనికి ఉపాయమేమి? చట్టము వలన కొంత ఉపయోగము కలదు. 2002లో అప్పటి ఆంధ్రప్రదేశమున నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 'వాల్టా' అను చట్టము చేయబడినది. కాని ప్రతి బావి యొద్దను ఒక కావలివానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. 2003లో వేరొక మార్గమున ఒక ప్రయత్నము మొదలయ్యెను. అది రైతులే భూగర్భజలమునకు యజమానులై నడపు పథకము. నంద్యాల కేంద్రముగా నున్న భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంఘము ఇతర స్వచ్ఛంద సంఘములతో కలిసి దానిని నడపెను. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడెను. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో, అన్నియు వానలు చాలని సీమలే, ఆరు వందలకు పైగా పల్లెలు ఇందులో పాల్గొనెను.

అక్కడ జరిగినది విచిత్రమైన పని కాదు; లెక్క వ్రాయుట. ఊరిలో వర్షమాపకమును నెలకొల్పి, కురిసిన వానను రైతులే కొలిచి వ్రాసిరి. ఏర్పరచుకొన్న బావులలో నీటి మట్టమును నియమిత దినములందు చూచిరి. మోటారు పోయు నీటిని కూడ కొలిచిరి. ఎట్లనగా, 200 లీటర్ల పీపా 50 సెకనులలో నిండినచో, ఆ బావి సెకనునకు 4 లీటర్లు, గంటకు 14,400 లీటర్లు ఇచ్చుచున్నదని తేలును. పురుషులతో పాటు స్త్రీలును ఈ పని నేర్చిరి. చదువు అంతగా లేనివారు సహితము నీటి లెక్కలను పదిమందిలో వివరించి చెప్పగలిగిరి. లెక్కలను ఊరి గోడపై అందరును చూచునట్లు వ్రాయించిరి. అంతవరకు కంటికి కనబడని నీరు ఆ గోడపై అంకెలుగా కనబడినది.

రబీ పంటకు ముందు, ఒకే వాగు పరీవాహములోని పల్లెలవారు సమావేశమగుచుండిరి. భూమిలో ఇంకి నిలిచిన నీరెంత? మనము వేయదలచిన పైరులకు కావలసినదెంత? ఈ రెంటిని ఎదురెదురుగా వ్రాసి చూచుటయే 'పంటల నీటి బడ్జెటు'. లెక్క సులభమే. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో 10,000 లీటర్ల నీరగును. వరికి సుమారు వేయి మిల్లీమీటర్లకు మించిన నీరు కావలెను. జొన్న, వేరుశనగ వంటి పైరులకు అందులో సగము చాలును. కావలసినది ఉన్నదానికంటె ఎక్కువైనచో, ఎవరు వరి మానవలె నన్న ప్రశ్న వచ్చును.

ఇదియే కష్టమైన ఘట్టము. వరి యింటికి అన్నము, పశువులకు గడ్డి. దానిని మానుట ఏ రైతునకును తేలిక కాదు. ఆ సమావేశములలో ఎవరిపైనను నిషేధము లేదు, జరిమానా లేదు. రైతు తన యిష్టము వచ్చిన పంట వేయవచ్చును. కాని లెక్క ఎదుట నున్నది; ఇరుగుపొరుగువారు ప్రక్కన నున్నారు. తాను వేయబోవు వరి మార్చి నాటికి ఎండునని తెలిసిన పిమ్మట, ఎవరును బలవంతపెట్టకయే అనేకులు వరి విస్తీర్ణమును తగ్గించి ఆరుతడి పైరులు వేసిరి.

సముద్రముల కావల అమెరికాలోను ఇట్టి దృష్టాంతములు కలవు. ఆ దేశపు నైరుతి భాగమున న్యూమెక్సికో రాష్ట్రము మిక్కిలి మెట్టసీమ. అచ్చట 'అసేకియా' అను సాగు కాలువలు వందలకొలది ఉన్నవి. స్పెయిను దేశస్థులు తెచ్చిన ఈ పద్ధతికి, ఆ పేరునకును మూలము అరబ్బులది. ప్రతి కాలువకును రైతులు 'మయోర్దోమో' అను పెద్దను ఎన్నుకొందురు. అతడు మన నీరటికాని వలెనే వంతుల ప్రకారము నీరు విడుచును. వసంతకాలమున రైతులందరును గడ్డపారలతో వచ్చియో, తమకు బదులు కూలీని పంపియో, కాలువ పూడిక తీయవలెను. నీరు కొరవడిన యేట ఆ కొరతను కూడ పంచుకొందురు. ప్రక్కనున్న కొలరాడో రాష్ట్రములో 1852లో త్రవ్విన 'ప్రజల కాలువ' నేటికిని పారుచున్నది.

నదులను చెరచుకొని బుద్ధి తెచ్చుకొన్న చరిత్రయు ఆ దేశమునకు కలదు. క్లీవ్‌లాండు నగరము గుండా పారు కయహోగా నదిపై కర్మాగారముల నూనె తెట్టెకట్టి, 1969 జూను 22న మంటలు లేచెను. నీరు అంటుకొనుట ప్రజలను నివ్వెరపరచినది. 1972లో పరిశుభ్ర జలముల చట్టము వచ్చెను. చట్టముతో పాటు సామాన్యులును పూనుకొనిరి. నేడు అచ్చట పలు రాష్ట్రములలో విద్యార్థులు, గృహస్థులు సెలవు దినములందు వాగులలో దిగి, రాళ్ళ క్రింద బ్రతుకు పురుగుల జాతులను లెక్కించి వ్రాయుదురు. మురికిని సహింపలేని జాతులు కనబడినచో నీరు మంచిదనియు, అవి మాయమైనచో చెడినదనియు నిర్ణయింతురు. కయహోగా చేపలను తినవచ్చునని అధికారులు చెప్పుటకు 2019 వరకు, అనగా ఏబది సంవత్సరములు పట్టినది. నదిని చెరచుట సులభము. బాగుచేయుట ఒక తరము పని.

మన సీమలోను యత్నము సాగుచునే యున్నది. తెలంగాణములో 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభమైనది. సారవంతమైన ఆ మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. అయితే పూడిక మరల చేరును. కట్ట మరల కోతపడును. భూగర్భజల పథకపు ధనసహాయము ముగిసిన పిమ్మట కొన్ని పల్లెలలో కొలతలు సన్నగిల్లినవి. కొలత ఆగిన చోట నీరు మరల కంటికి కనబడనిదగును. ఎవరికి వారు లోతునకు త్రవ్వుట మరల మొదలగును. నీటి లెక్క ఒక్క యేట వ్రాసి మూసివేయు పుస్తకము కాదు. అది దినదినము వ్రాయవలసినది.

ఆ లెక్క వ్రాయుటకు పెద్ద చదువులు అక్కరలేదు. నిలువు గోడలు గల డబ్బా నొకదానిని చెట్లకు దూరముగా బయలున ఉంచి, ప్రతి ఉదయము ఒకే వేళకు అందులోని నీటి లోతును కొలబద్దతో చూచినచో, ఆ యూరి వాన ఎంతయో తెలియును. పాఠశాల బావిలో నెలకొక మారు తాడు విడిచి నీటి మట్టమును గుర్తింపవచ్చును. ఆ అంకెలను గోడపై వ్రాసియుంచినచో ఊరి పెద్దలు వచ్చి చదువుదురు. చదివిన వారు ఆలోచింతురు. నది యొక్క క్షేమము అట్టి ఆలోచన నుండియే ఆరంభమగును.