ఉత్తరదేశపు వేసవి

మనకు వేసవి నీడ వెదకుకొను కాలము. నార్వే దేశపు ఉత్తరమున నట్లు కాదు. త్రోమ్సో ప్రాంతమున మే 20 మొదలు జూలై 22 వఱకు, ఇంచుమించుగా, సూర్యుఁ డస్తమింపఁడు. ఆ స్వల్పకాలముననే కాఁపు పశువులకు శీతకాలపు మేఁత కూర్పవలెను. పూర్వము గడ్డి చాలనియెడలఁ గొన్ని పశువులను మంచునకు ముందే చంపవలసివచ్చెడిది.

మన రైతు గడ్డిని నేలపై నెండఁబెట్టి వామి వేయును. అచట నేల చెమ్మ, వాన తఱచు. కావున గుంజలు పాతి, తీఁగెలు వరుసలుగాఁ గట్టి, కోసిన గడ్డిని దండెముపై బట్టలవలె నారవేయుచుండిరి. పైవరుస వాననీటిని జార్చివేయును. లోనిది గాలికే యెండును. తడిగడ్డిని కుప్పవేసినచో బూజుపట్టి, వేఁడెక్కి, యొక్కొక్కప్పుడు తానే రగులుకొనును. ఇప్పుడు పెక్కుచోట్ల యంత్రములు గడ్డిని చుట్టలుచుట్టి ప్లాస్టికుతోఁ గప్పుచున్నవి.

చీల్చి పేర్చిన కట్టెలు ఆరుటయు నీ దినములలోనే. పచ్చికట్టె పొగయే గాని వేఁడి యీయదని మన తల్లులకుఁ జెప్పనక్కఱలేదు.