భూమి ఎవరిది? – మిల్కియత్, మన్‌ఫఅత్, ఖబ్జా

ఆకాశాలలోనూ, భూమిలోనూ ఉన్న సమస్తమూ అల్లాహ్‌దేనన్నది మన విశ్వాసం. మానవుడు ఈ భూమిపై ఆయన ప్రతినిధి మాత్రమే. మన పేరున ఉన్న ప్రతి సెంటు స్థలమూ మన దగ్గర ఉన్న అమానత్. దాని గురించి ప్రళయదినాన లెక్క చెప్పుకోవలసి ఉంటుంది.

అయినా నమాజు, రోజాల మసాయిల్‌ను శ్రద్ధగా అడిగి తెలుసుకునేవారు కూడా పొలం పంపకం దగ్గరికి వచ్చేసరికి ఊరి ఆచారాన్నే పాటిస్తారు. “పాస్ పుస్తకం పెద్దన్నయ్య పేరున ఉంది. నాన్నగారు పోయినప్పటి నుంచి, ఇరవై ఏళ్ళుగా, ఆయనే సాగు చేస్తున్నారు. చెల్లెళ్ళు ఏనాడూ అడగలేదు. ఇక పొలం ఆయనదే కదా?” అనే ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. దీనికి సమాధానం తెలియాలంటే ముందు మూడు మాటల అర్థం తెలుసుకోవాలి.

మూడు వేర్వేరు విషయాలు

మొదటిది ‘మిల్కియత్’, అంటే యాజమాన్యం. భూమిని అమ్మే, దానం చేసే హక్కు యజమానిదే. అతని మరణానంతరం అది వారసులకు చెందుతుంది.

రెండవది ‘మన్‌ఫఅత్’, అంటే ఆ భూమి వల్ల కలిగే ప్రయోజనం: పంట, నివాసం, అద్దె వంటివి. యాజమాన్యం ఒకరిదై, ప్రయోజనం మరొకరిది కావచ్చు. కౌలు రైతు పంట పండించుకుంటాడు, కాని భూమికి యజమాని కాడు.

మూడవది ‘ఖబ్జా’. మన వాడుకలో కబ్జా అంటే ఆక్రమణ అనే అర్థం స్థిరపడింది. ఫిఖహ్‌లో మాత్రం ఖబ్జా అంటే ఆస్తి ఒకరి చేతిలో ఉండటమే. అది యజమాని అనుమతితో ఉంటే అమానత్ కావచ్చు. అన్యాయంగా ఉంటే ‘గసబ్’ అవుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) తమకు ఖైబర్‌లో లభించిన భూమి గురించి దైవప్రవక్త (స)ను సలహా అడిగారు. మూలాన్ని అలాగే నిలిపి ఉంచి, దాని ఫలాన్ని దానం చేయమని ఆయన (స) సూచించారు. ఇక ఆ భూమిని అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, అది వారసులకూ రాదు. పేదలు, బంధువులు, బాటసారులు వంటివారు దాని ఫలాన్ని పొందుతారు. వక్ఫ్‌కు ఇదే మూలం. భూమి వేరు, దాని ప్రయోజనం వేరన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది.

మరణంతోనే మారే యాజమాన్యం

అమ్మకంలోనూ, హిబా (కానుక)లోనూ ఇరుపక్షాల సమ్మతి అవసరం. వారసత్వం అలాంటిది కాదు. మనిషి కన్నుమూసిన క్షణంలోనే, వారసులు కోరినా కోరకపోయినా, అతని ఆస్తిలో వారికి హక్కు ఏర్పడుతుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు (చెల్లించని మహర్ కూడా అప్పే), ఆ తరువాత మూడో వంతుకు మించని వసీయత్ తీర్చి, మిగిలినదాన్ని పంచాలి. ఆస్తి కొద్దిదైనా, గొప్పదైనా పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 7వ ఆయత్ తెలుపుతోంది. 11, 12 ఆయతులు వాటాలను వివరిస్తున్నాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఒకరు 8 ఎకరాల పొలం వదలి మరణించారు. భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు. తల్లిదండ్రులు అంతకుముందే చనిపోయారు, అప్పులూ వసీయత్తూ లేవు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాలలో ఒక్కొక్క కుమారునికి 2, ఒక్కొక్క కుమార్తెకు 1 ఎకరం. పొలం మొత్తం అన్నయ్య పేరున నమోదైనంత మాత్రాన ఈ లెక్క మారదు. రెవెన్యూ రికార్డులో పేరు మార్పిడి దానంతటదే యాజమాన్యాన్ని ఇవ్వదని మన న్యాయస్థానాలు కూడా పలుమార్లు చెప్పాయి.

“నాకు వద్దు” అంటే సరిపోతుందా?

చాలామంది సోదరీమణులు పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయన్న భయంతో “నాకేమీ వద్దన్నయ్యా” అంటారు. ఆ మాటతోనే వారి యాజమాన్యం తొలగిపోదని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. పంచడానికి వీలైన ఆస్తిని పంచకుండా హిబా చేయటం కూడా వారి దృష్టిలో సరికాదు. ముందు వాటా వేరు చేసి ఆమె చేతికి అప్పగించాలి. ఆ తరువాత ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే అది హిబా. లేదా ఒప్పుకున్న సొమ్ము తీసుకుని ఆమె తన వాటా నుంచి తప్పుకోవచ్చు. దీన్ని ‘తఖారుజ్’ అంటారు. మొహమాటపెట్టి చేయించిన సంతకం మనస్ఫూర్తి సమ్మతి కాదు.

పెళ్ళిలో ఇచ్చిన కట్నకానుకలు కూడా వారసత్వపు వాటాకు బదులు కావు. తండ్రి బ్రతికుండగా ఆమెకు పెట్టిన ఖర్చు వేరు, ఆయన మరణంతో ఆమెకు దక్కిన హక్కు వేరు.

కాలం గడిస్తే హక్కు పోతుందా?

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం పరాయి స్థలాన్ని యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా 12 ఏళ్ళు అట్టిపెట్టుకుంటే, యజమాని దాన్ని తిరిగి పొందే హక్కు కోల్పోవచ్చు. సహవారసుల మధ్య మాత్రం ఒకరి స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్లే సాధారణంగా భావిస్తారు. కోర్టులో ఏమైనా కానివ్వండి, ఏళ్ళు గడిచినంత మాత్రాన అల్లాహ్ సన్నిధిలో పరుల సొమ్ము మనది కాదు. వాదనలో నేర్పు వల్ల తన తీర్పుతో ఎవరికైనా సోదరుని హక్కు దక్కితే, అది అగ్నిఖండమే కనుక తీసుకోవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ఏడు భూముల నుంచి దాన్ని తొడగటం జరుగుతుందని కూడా ఆయన (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం).

కనుక పైన అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే: ఆ పొలంలో అన్నయ్యకున్నది తన వాటా మాత్రమే. మిగిలినది తల్లిది, తోబుట్టువులది. ఆయన ఆలస్యం చేయకుండా తెలిసిన ఆలిమ్‌తో వాటాలు కట్టించి, కొలిపించి, వ్రాతపూర్వకంగా అప్పగించాలి. గడచిన పంటల లెక్క కూడా వారితో కూర్చుని తేల్చుకోవాలి, లేదా మనస్ఫూర్తిగా మాఫీ పొందాలి. ఈ పని బ్రతికుండగా కాగితంతో, కొలతగొలుసుతో తీరిపోతుంది. మరణించాక పుణ్యాలతో చెల్లించవలసి వస్తుంది.

ఎవరి హక్కు వారికి అప్పగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.