గాజుతొట్టి చేపలకు నీటి పంపు

ప్రాణహిత ఒడ్డున పెరిగిన మనకు చేపలు క్రొత్తవి కావు. అయినను నదిలోని చేప వేరు, ఇంట గాజుతొట్టిలోని చేప వేరు. నదిలో నీరు రాళ్లపై దొరలుచు, సుడులు తిరుగుచు గాలిని తనలో కలుపుకొనుచుండును. తొట్టిలోని నీటికి ఆ చలనము లేదు. దానిని కల్పించుటకే పంపు. మంచిర్యాలనుండియో చంద్రపురమునుండియో తొట్టిని తెచ్చుకొనువారు చేపల రంగులను చూచుచు గడియలు గడుపుదురు గాని, పంపును గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగరు. చేపలు చచ్చిన పిదప దుకాణదారుని నిందింతురు.

చేప నీటిని విడదీసి ప్రాణవాయువును పొందునని కొందరు తలంతురు. అది సరికాదు. నీటిలో కరగియున్న వాయువునే అది మొప్పలతో గ్రహించును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో లీటరు నీటియందు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు మాత్రమే కరగును. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగును. మన సిరొంచ ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును గదా! నీరు వేడెక్కినకొలది అందులో వాయువు తగ్గును; చేపకు కావలసిన వాయువు మాత్రము పెరుగును. తొట్టిలో నాటిన మొక్కలు సైతము రాత్రివేళ ప్రాణవాయువును ఖర్చుచేయునే గాని ఇయ్యవు. కనుకనే వేసవి రాత్రి పంపు ఆగినచో తెల్లవారునప్పటికి చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచుండును.

మడుగులోని కొర్రమట్ట బురదనీటిలోను బ్రదుకును, తొట్టిలోని చేపకు ఇంత సుకుమారమేమని మీరు అడుగవచ్చును. కొర్రమట్ట పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు. పరకలకును, మనము తెచ్చుకొను బంగారుచేపలకును ఆ అవయవము లేదు.

పంపులు రెండు విధములు. గాలిపంపు తొట్టి వెలుపల నుండి గొట్టము ద్వారా బుడగలను పంపును. నీటిపంపు తొట్టిలోనే మునిగియుండి నీటిని త్రిప్పును. బుడగలే నీటికి వాయువు నిచ్చునని తోచును గాని, వాయువు హెచ్చుగా కరగునది నీటి పైభాగముననే. బుడగలు అడుగునీటిని పైకి తెచ్చి ఆ పైభాగమును కదలించును. నీటిపంపు మూతిని పైకి త్రిప్పి అలలు లేచునట్లు అమర్చినను ఫలము అదియే.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 లోతు గల తొట్టిలో 54 లీటర్లు పట్టును. ఆ నీరంతయు గంటకు సుమారు నాలుగు తడవలు తిరిగిన చాలును. అనగా గంటకు 200 లీటర్లకు కొంచెము మించిన పంపు. కాని పెట్టెపై అచ్చువేసిన సంఖ్య నీటిని ఏమాత్రము ఎత్తనప్పటిది. ఎత్తు పెరిగినకొలది ధార సన్నగిల్లును. పెట్టెపై వ్రాసిన గరిష్ఠపు ఎత్తున చుక్కయైనను పడదు. కాళేశ్వరము ప్రక్కన కన్నెపల్లిలో గోదావరిని ఎత్తుటకు నెలకొల్పిన యంత్రములు ఒక్కొక్కటి 40 మెగావాట్లవి, మన పంపు 5 వాట్లది. ఎంత నీరు, ఎంత ఎత్తు అను లెక్క మాత్రము రెంటికిని ఒక్కటే. ఆ కన్నెపల్లి యంత్రములు 2022 జూలై వరదలో మునిగి పాడైనవి. మునుగుటకు చేసిన పంపు వేరు, వెలుపల నుండవలసినది వేరు. గాలిపంపును తొట్టి నీటిమట్టమునకు పైనే ఉంచుడు. క్రిందనుంచినచో విద్యుత్తు పోయినప్పుడు గొట్టమువెంట నీరు దిగి పంపులో చేరును.

రాత్రులందు పంపును ఆపి ఖర్చు తగ్గింపనెంచు తల్లిదండ్రులకు ఒక మాట. 5 వాట్ల పంపు నెలంతయు ఆగక నడచినను మూడున్నర యూనిట్లకు కొంచెము మించును, అంతే. అంతకంటె గమనింపవలసినది పిల్లల క్షేమము. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గును ఊడదీయవలెను. తీగ ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లుండిన, తీగవెంట జారు చుక్క ప్లగ్గును చేరక నేల పడును.

నీటిపంపును నెలకొకసారి విప్పి, లోపల తిరుగు అయస్కాంతపు చక్రమునకు పట్టిన జిగురును మెత్తని కుంచెతో తుడువుడు. తెల్లని సున్నపు పెచ్చు కట్టినచో వినిగరులో నానవేసి కడుగుడు. నీరు లేక నడిపినచో అది వేడెక్కి చెడును. వడపోత స్పంజిని కుళాయి నీట కడుగరాదు. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా విషమును విరుచు సూక్ష్మజీవులు అందులో నివసించును. కుళాయినీటి క్లోరిన్ వానిని చంపును. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

విద్యుత్తు తరచుగా పోవు ఊళ్లకు మా సలహా: తొట్టిలో చేపలు తక్కువగా ఉండవలెను, బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఒకటి ఇంట ఉండవలెను. అదియు లేనివారు చెంబుతో తొట్టినీటినే తీసి, జానెడెత్తునుండి మరల పోయుచుండుడు. విద్యుత్తు వచ్చువరకు మేత వేయకుడు. చాల గంటలు ఆగిన పంపును మరల నడుపుటకు ముందు స్పంజిని వాసన చూడుడు. కుళ్లిన వాసన వచ్చినచో పిండి కడిగిన తరువాతనే మీట నొక్కుడు.