ఎదుగుచున్న పెంపుడు కుందేలు: గుణమేల మారును?

కోల్‌కతా ఉత్తరభాగమున, బాగ్‌బజారు చెంతనున్న గాలిఫ్ స్ట్రీటులో ఆదివారమునాడు పెంపుడు జంతువుల సంత జరుగును. పిల్లల ముచ్చట తీర్చుటకై ఇట్టి సంతలనుండి కుందేటిపిల్లను ఇంటికి తెచ్చుకొను కుటుంబములు గలవు. తొలినాళ్లలో అది ఒడిలోనే నిదురించును. చేతిలోని ఆకు తినును. పిదప ఒకనాడు, ఎత్తుకొనబోయిన బిడ్డ చేయి కొరకును; పరుపుపై మూత్రము చిమ్మును; గూటిలో చేయి పెట్టినచో గుర్రుమని ముంగాళ్లతో కొట్టును. ఇంటివారు దిగులుపడి దండింతురు, లేదా ఏ తోటలోనో విడిచి వత్తురు.

ఇది దుర్గుణము కాదు, యుక్తవయస్సు. చిన్నజాతులకు సుమారు 4 నెలలకును, పెద్దజాతులకు 6 మొదలు 9 నెలలకును ఈ దశ వచ్చును. మగకుందేలు మన పాదములచుట్టు తిరుగుచు సన్నగా గురగురలాడును. గడ్డముక్రింది గంధగ్రంథులను కుర్చీకోళ్లకు రాచి, ఆ చోటు తనదని చాటుకొనును. ఆ వాసన మనకు తెలియదు.

ఆడకుందేలు సంగతి మరింత విచిత్రము. దానికి అండము విడుదలయగుట సాధారణముగా సంయోగమును అనుసరించియుండును. మరియొక ఆడకుందేలు పైకెక్కినను చాలును, గర్భము లేకయే గర్భలక్షణములు పొడచూపవచ్చును. అప్పుడది గడ్డిని నోట కరచి, రొమ్ముమీది బొచ్చు పీకి గూడు కట్టును. చర్మవ్యాధియని భ్రమించి మందు పూయుట పొరపాటు. ఈ మిథ్యాగర్భము 16 మొదలు 18 దినములలో తీరును. నిజమైన గర్భమునకు సుమారు 31 దినములు పట్టును.

కొట్టుటవలన కుందేలు నేర్చుకొనునది ఒక్కటే, చేతిని చూచి భయపడుట. నేలపై కూర్చుండి, దానినే దరికి రానీయవలెను. ఒక ఈతవే యైనను, ఆడ మగ పిల్లలను 3 నెలలు నిండకమునుపే వేరుచేయవలెను. శస్త్రచికిత్సచే ఈ ప్రవర్తన చాలవరకు తగ్గును. వయస్సు మీరిన ఆడకుందేళ్లలో తరచుగా కనబడు గర్భాశయపు కాన్సరు రాకుండ గర్భాశయమును తొలగించుటవలన మేలు గలదు. కుందేళ్లకు మత్తు ఇచ్చుటలో అనుభవముగల పశువైద్యుని ఎన్నుకొనుడు. కుక్కకు వలె దీనిని ముందురాత్రినుండి పస్తుంచరాదు. చికిత్స జరిగినను గుణము కుదుటపడుటకు కొన్ని వారములు పట్టును. మగకుందేలును ఆ కాలమంతయు ఆడవానికి దూరముగనే ఉంచవలెను.

ప్రతి మార్పును వయస్సుపై నెట్టుటయు ప్రమాదమే. కొరకుచున్నను మేత తినుచున్న కుందేలును గూర్చి తొందరపడనక్కరలేదు. మూలనొదిగి పూటంతయు మేత ముట్టక, పెంటికలు వేయక, పండ్లు కొరుకుచున్నచో అది నొప్పి. ఆనాడే వైద్యునికి చూపవలెను. మే నెల ఉక్కపోతలో నోరు తెరచి రొప్పుచున్న కుందేలు కోపించినది కాదు, వడదెబ్బ తిన్నది.

విడిచివచ్చువారికి ఒక మాట. మన పొలములలోని చెవులపిల్లి వేరు, ఐరోపాజాతినుండి వచ్చిన ఈ పెంపుడుది వేరు. మైదానములో వదలిన తెల్లకుందేలు కుక్కలపాలగును.

కుందేలు కరచిన చోటును సబ్బుతో, పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, వైద్యుని చూడవలెను. ధనుర్వాతపు టీకా అవసరము కావచ్చును. ఇంటిలో పెరుగు కుందేలువలన పిచ్చికుక్కవ్యాధి సోకుట మిక్కిలి అరుదు. ఐనను ఆ కుందేలును అంతకుముందు కుక్కగాని పిల్లిగాని కరచియున్నచో, ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను.