దేశం ఐ.పి. పెడితే సరుకు బాకీ ఏమవుతుంది? : శ్రీలంక నేర్పిన పాఠం

వర్తకుడు ఐ.పి. పెట్టిన వార్త కోర్టు నుంచి రాకముందే బజారుకు తెలిసిపోతుంది. పదిహేను రోజుల గడువు నెల అవుతుంది. నెల కాస్తా మూడు నెలలవుతుంది. చెక్కు పంపానన్న మనిషి ఫోనుకు దొరకడు. ఎన్నడూ లేనిది, మార్కెట్టు ధర కంటె నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి అరువు సరుకు అడుగుతాడు. ఈ గుర్తులు తెలిసిన కమీషన్ వ్యాపారి ముందే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

ఒక దేశం అప్పు తీర్చలేని స్థితికి చేరేటప్పుడు కూడా గుర్తులు ఇటువంటివే. తేడా ఒక్కటే. అవి పుకార్ల రూపంలో కాక, అంకెల రూపంలో, అందరి కళ్ళముందే అచ్చయి ఉంటాయి. గుంటూరు మిర్చికి ఏనాటి నుంచో ఖాతాదారైన శ్రీలంక 2022లో విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేసిన ఉదంతం ఈ సంగతిని బాగా విశదం చేస్తుంది. ఎగుమతి వర్తకులు దీనిని మరొకసారి లెక్కలతో సహా చూసుకోవడం మంచిది.

నిలవ ఎంత, వాయిదా ఎంత

దేశానికి మారకద్రవ్య నిలవ అంటే దుకాణంలో గల్లాపెట్టె వంటిది. 2019 చివర శ్రీలంక గల్లాపెట్టెలో సుమారు 760 కోట్ల డాలర్లు ఉన్నాయి. 2021 చివరకు అవి 310 కోట్లకు తగ్గాయి. ఆ 310 కోట్లలో కూడా దాదాపు 150 కోట్లు చైనా కేంద్రబ్యాంకు మార్పిడి ఏర్పాటు కింద ఇచ్చిన యువాన్లు. మూడు నెలల దిగుమతులకు సరిపడా నిలవ ఉంటే తప్ప వాటిని ముట్టుకోరాదని షరతు. అంటే చేతికందే సొమ్ము 160 కోట్ల డాలర్లే.

ఇక ఖర్చు చూడాలి. 2021లో ఆ దేశం దిగుమతులు సుమారు 2,060 కోట్ల డాలర్లు, అనగా నెలకు 170 కోట్ల పైచిలుకు. చేతిలోని సొమ్ము ఒక్క నెల సరుకుకు చాలదు. దానిపై 2022లో తీర్చవలసిన విదేశీ అప్పుల వాయిదాలు సుమారు 700 కోట్ల డాలర్లు. గల్లాలో 160, గుమ్మం ముందు 700. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు, జాతకం చూడనక్కరలేదు.

ఇంత వరకు ఎందుకు వచ్చింది? 2019 ఈస్టరు నాటి బాంబు దాడులతో పర్యాటకుల రాక పడిపోయింది. ఆ ఏడాది చివర కొత్త ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించడంతో ఖజానా రాబడి క్షీణించింది. 2020లో కోవిడ్ వచ్చింది. 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని నిషేధించడం వల్ల వరి, తేయాకు దిగుబడులు దెబ్బతిన్నాయి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధంతో చమురు ధర మండింది. వీటన్నిటికీ వెనుక పాత జబ్బు ఒకటుంది. 2007 నుంచి శ్రీలంక ప్రపంచ విపణిలో డాలరు బాండ్లు అమ్మి, కొత్త అప్పుతో పాత అప్పు తీరుస్తూ వచ్చింది. 2020లో రేటింగు సంస్థలు దాని పరపతిని బాగా కిందికి దించడంతో కొత్త బాండ్లు కొనేవారు కరువయ్యారు. తిరగరాసే నోటు ఆగిపోగానే అసలు రంగు బయటపడింది.

రెండు ధరల డాలరు

రెండవ గుర్తు బజారులోనే దొరుకుతుంది. 2021 చివర, 2022 మొదట్లో శ్రీలంక కేంద్రబ్యాంకు డాలరును సుమారు 200 లంక రూపాయల వద్ద పట్టి ఉంచింది. బయటి బజారులో అంతకు మించిన ధర పలికింది. ఫలితంగా విదేశాల్లో పనిచేసే లంకవాసులు బ్యాంకు ద్వారా డబ్బు పంపడం మానుకుని హవాలా దారి పట్టారు. 2020లో 710 కోట్ల డాలర్లుగా ఉన్న ఈ రాబడి 2021లో 550 కోట్లకు, 2022లో 380 కోట్లకు పడిపోయింది. మనుషులు గల్ఫులోనే ఉన్నారు, సంపాదన ఉన్నది. బ్యాంకు గల్లాకు చేరేది మాత్రం తగ్గింది. ఒక దేశంలో డాలరుకు రెండు ధరలు పలకడం మొదలయితే, సర్కారు చెప్పే ధర ఎక్కువకాలం నిలవదన్నది వర్తకుడు గుర్తు పెట్టుకోవలసిన సూత్రం.

దిగుమతులపై ఆంక్షలు మూడవ గుర్తు. పసుపు దిగుమతిని అరికట్టినప్పుడు తమిళనాడు తీరం నుంచి దొంగచాటుగా పడవల మీద పసుపు పోవడం, పట్టుబడటం 2020, 2021లో పత్రికల్లో తరచు వచ్చేది. స్వదేశీ రైతు రక్షణ పేరుతో పెట్టిన ఆంక్షే అయినా, అటువంటివి ఒకటి తరువాత ఒకటి వస్తుంటే డాలరు పొదుపు కూడా వాటిలో ఉన్నట్లే లెక్క.

బాండుకు ముందు బస్తా

అన్నిటి కంటె ముఖ్యమైన పాఠం తేదీలలో ఉంది. శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది 2022 ఏప్రిల్ 12న. ఏప్రిల్ 18న చెల్లించవలసిన 7 కోట్ల 80 లక్షల డాలర్ల బాండ్ల వడ్డీ, 30 రోజుల అదనపు గడువు ముగిసిన తరువాత కూడా చెల్లించలేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి ఆ దేశం వాయిదా తప్పడం అదే మొదటిసారి. ప్రపంచ పత్రికలు దివాలా అని రాసింది అప్పుడే.

కాని 2021 చివరి నెలల నుంచే కొలంబో రేవులో తిండి సరుకులతో వెయ్యికి పైగా కంటైనర్లు నిలిచిపోయాయి. దిగుమతిదారు లంక రూపాయలు పట్టుకుని బ్యాంకుకు వెళ్తే, ఇవ్వడానికి బ్యాంకు వద్ద డాలర్లు లేవు. విచిత్రమేమంటే, ఆ సమయంలోనే 2022 జనవరి 18న ప్రభుత్వం 50 కోట్ల డాలర్ల బాండును గడువు తప్పకుండా తీర్చింది. పెద్ద ఋణదాతల వద్ద మాట నిలబెట్టుకునేందుకు చిల్లర బాకీలు ఆపుకోవడం చితికిపోతున్న షావుకారు చేసే పనే.

కనుక ఫలానా దేశం బాండ్ల వాయిదా తప్పలేదు కదా అని ధీమాగా సరుకు పంపడం పొరపాటు. బాండు కంటె ముందు బస్తా బాకీ ఆగుతుంది. ప్రకటన వెలువడే నాటికి ఎగుమతిదారుని సొమ్ము నాలుగైదు నెలలుగా ఇరుక్కునే ఉంటుంది.

నిజాయితీపరుడే చితికిపోయాడు

ఇందులో కొనుగోలుదారు మోసం ఉండనక్కరలేదు. కొలంబో వర్తకుడొకడు 10,000 డాలర్ల మిర్చిని అరువు మీద తెప్పించుకున్నాడని అనుకుందాం. డాలరు 200 ఉన్నప్పుడు అతని లెక్క 20 లక్షల లంక రూపాయలు. దానిపై లాభం వేసుకుని టిక్కీలు అమ్ముకున్నాడు. 2022 మార్చి 7న కేంద్రబ్యాంకు పట్టు సడలించింది. మే మధ్యకు డాలరు 360కి చేరింది. ఇప్పుడు అదే బిల్లుకు 36 లక్షలు కావాలి. అమ్మకం సొమ్ము 22 లక్షలనుకుంటే తక్కువ పడినది 14 లక్షలు. ఇరవై ఏళ్ళుగా మాట తప్పని మనిషి రెండు నెలల్లో బాకీదారయ్యాడు. మనిషి నమ్మకం వేరు, దేశం నమ్మకం వేరు. మొదటిది ఎంత గట్టిదైనా రెండవదానికి పూచీ కాదు.

కోర్టు లేని ఐ.పి.

వర్తకుడు ఐ.పి. పెడితే కోర్టు ఉంటుంది, రిసీవరు వస్తాడు, ఉన్న ఆస్తి అమ్మి రూపాయికి ఇంత అని పంచుతారు. దేశాలకు అటువంటి కోర్టు లేదు. ఋణదాతలంతా కూర్చుని చేసుకునే పంచాయతీయే గతి. ఆ పంచాయతీలో పెద్దరికం ఎవరిదో చూస్తే ప్రపంచంలో ధనబలం ఎటు జరిగిందో తెలుస్తుంది.

1982 ఆగస్టులో మెక్సికో చేతులెత్తేసినప్పుడు వ్యవహారం నడిపినది అమెరికా ఖజానా, న్యూయార్కు బ్యాంకులు, అంతర్జాతీయ ద్రవ్యనిధి. ప్రభుత్వాలు ఇచ్చిన అప్పుల సంగతి పారిస్ క్లబ్బు చూసుకునేది. 1991లో మన దేశం కూడా ఈ గుమ్మం వరకు వెళ్ళింది. మూడు వారాల దిగుమతులకైనా చాలని నిలవతో, ఆ జూలైలో 47 టన్నుల బంగారాన్ని విదేశానికి తరలించి, తాకట్టుపై 40 కోట్ల డాలర్లు తెచ్చుకోవలసి వచ్చింది. రూపాయి విలువ రెండు దఫాలుగా తగ్గించారు. ప్రధానిగా పి.వి. నరసింహారావు పగ్గాలు పట్టిన తొలి వారాలవి. కాని ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

శ్రీలంక పంచాయతీ నాటికి బల్ల చుట్టూ కూర్చున్నవారు మారారు. 2022లో భారతదేశం సుమారు 400 కోట్ల డాలర్ల సహాయం అందించింది. అందులో చమురుకు 50 కోట్లు, తిండి సరుకులకు, మందులకు స్టేట్ బ్యాంకు ద్వారా 100 కోట్ల అరువు ఖాతా ఉన్నాయి. ద్రవ్యనిధి కోరిన హామీని 2023 జనవరిలో అందరి కంటె ముందు ఇచ్చినది భారతదేశమే. తరువాత ఏర్పడిన ఋణదాతల సంఘానికి జపాను, ఫ్రాన్సులతో పాటు భారతదేశం సహ అధ్యక్షత వహించింది. బంగారం తాకట్టు పెట్టిన దేశం 32 ఏళ్ళకు పెద్దమనిషి పీట మీద కూర్చున్నది.

చైనా ఆ సంఘంలో చేరక విడిగా బేరం చేసుకుంది. హంబన్‌తోట రేవును 2017లో 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ళ కౌలుకు చైనా సంస్థ తీసుకున్నది కనుక అప్పు కింద రేవు జమ అయిందని పలువురు అనుకుంటారు. అది సరికాదు. ఆ సొమ్ము శ్రీలంక నిలవలో చేరింది. రేవు కోసం చేసిన అప్పు అప్పుగానే మిగిలింది.

పెద్దలు పెరిగిన కొద్దీ తీర్పు ఆలస్యమవుతుంది. ద్రవ్యనిధి 290 కోట్ల డాలర్ల ఋణం మంజూరు చేసే నాటికి 2023 మార్చి 20 వచ్చింది. వాయిదాల ప్రకటన తరువాత పదకొండు నెలలు. ప్రభుత్వాల అప్పుల ఒప్పందం 2024 జూన్‌లో కుదిరింది. అసలు తగ్గించకుండా వాయిదాలు 2043 వరకు సాగదీశారు. బాండుదార్లు అసలులో సుమారు 27 శాతం వదులుకుని 2024 డిసెంబరులో కొత్త బాండ్లు పుచ్చుకున్నారు. జాంబియా సంగతీ అంతే. 2020 నవంబరులో వాయిదా తప్పితే బాండ్ల రాజీ 2024 జూన్‌కు గాని కాలేదు.

అగ్రరాజ్యం కూడా ఈ లెక్కకు అతీతం కాదు. మూడు పెద్ద రేటింగు సంస్థలు అమెరికాకు ఇచ్చిన అత్యున్నత శ్రేణిని వరుసగా 2011, 2023, 2025లో తగ్గించాయి. అయితే అమెరికా అప్పు దాని సొంత నాణెంలో ఉంది. శ్రీలంక అప్పు పరాయి నాణెంలో ఉంది. డాలరు ముద్రించుకోగల దేశానికీ, డాలరు సంపాదించుకోవలసిన దేశానికీ ఇదే తేడా.

వర్తకులు చూసుకోవలసినవి

కొత్త దేశానికి సరుకు పంపే ముందు ఆ దేశం నిలవ ఎన్ని నెలల దిగుమతులకు వస్తుందో చూడాలి. మూడు నెలల లోపు ఉంటే జాగ్రత్త, ఒక నెలకు దిగితే అరువు మానాలి. నిలవలో మార్పిడి సొమ్ము, ముట్టుకోరాని సొమ్ము ఎంతో విడదీసుకోవాలి. ఆ ఏడాది తీర్చవలసిన వాయిదాలు పక్కన వేసుకోవాలి. డాలరుకు బయటి ధర ఎంత ఉందో అక్కడి బ్రోకరును అడిగితే నిమిషంలో తెలుస్తుంది.

అనుమానమున్న చోట ఆ దేశపు బ్యాంకు ఇచ్చిన ఎల్.సి. ఒక్కటే చాలదు. బ్యాంకు మంచిదైనా దాని వద్ద డాలరు ఉండాలి కదా. మరో దేశపు గట్టి బ్యాంకు పూచీ కలిసిన ఎల్.సి. కావాలి, లేదా ముందు సొమ్ము పుచ్చుకోవాలి. ఇ.సి.జి.సి. బీమా కష్టం రాక ముందు తీసుకునేది. వచ్చాక అడిగితే షరతులు బిగుసుకుంటాయి. ప్రభుత్వాల అరువు ఖాతా కింద పోయే సరుకు వేరు, మామూలు ఖాతాపై పోయే సరుకు వేరు. మొదటిదానికి సొమ్ము ఇక్కడి బ్యాంకులోనే వస్తుంది. రెండవదాని భారం పంపినవాని మీదే.

2022 జూలైలో రిజర్వు బ్యాంకు విదేశీ వర్తకానికి రూపాయల్లో చెల్లింపు అనుమతించింది. ఆ నెలలోనే శ్రీలంకతో చెల్లింపులు ఆసియా క్లియరింగ్ యూనియన్‌తో నిమిత్తం లేకుండా జరుపుకోవచ్చని తెలిపింది. రూపాయి బిల్లు వల్ల మన వర్తకునికి మారకపు ధర హెచ్చుతగ్గుల బెడద తప్పుతుంది. కాని కొనేవాని బ్యాంకులో రూపాయలు ఉండాలి. ఆ దేశం మనకు అమ్మేది తక్కువయితే రూపాయలకూ డాలర్ల గతే పడుతుంది.

శ్రీలంక తరువాత కోలుకున్నది. 2022 సెప్టెంబరులో 70 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం 2023లోనే పది శాతం లోపునకు దిగింది. 2024 చివరకు నిలవలు 600 కోట్ల డాలర్లు దాటాయి. దేశం కోలుకోవడానికి రెండున్నరేళ్ళు పట్టవచ్చు. అప్పు తెచ్చిన పెట్టుబడితో టిక్కీలు పంపిన వర్తకుడు అన్నాళ్ళు వడ్డీ కట్టుకుంటూ కూర్చోలేడు. ఓడ ఎక్కించక ముందు పది నిమిషాలు లెక్క చూసుకోవడమే అతనికి చవకైన బీమా.