లెక్కయే రక్ష
సామూహిక విధ్వంసక ఆయుధముల నివారణ – పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

చొప్పదండి మండలములోని గ్రామ పంచాయతీలకు బ్లీచింగు పొడి కొత్త వస్తువు కాదు. వర్షాకాలమునందు మంచినీటి ట్యాంకులో దీనిని కలిపించుట పంచాయతీ విధులలో ఒకటి. ఈ పొడిలోని క్లోరిను నీటియందలి రోగక్రిములను నశింపజేయును. ఇదే క్లోరినును 1915 ఏప్రిల్ 22వ తేదీన, మొదటి ప్రపంచ యుద్ధములో, జర్మను సైన్యము బెల్జియము దేశమందలి ఈప్ర్ పట్టణమువద్ద విషవాయువుగా వదలెను. నాలుగు దినముల పిదప ఆ ప్రాంతముననే మన భారత సైనికులును విషవాయువు బారినపడిరి. వస్తువు ఒక్కటే. ఊరి ట్యాంకులో అది ప్రాణరక్షకము, యుద్ధభూమిలో ప్రాణాంతకము.

అణ్వాయుధములు, రోగక్రిములతో చేయు జీవాయుధములు, విషములతో చేయు రసాయనాయుధములు అను మూడింటిని సామూహిక విధ్వంసక ఆయుధములందురు. సైనికుడు, రైతు, పసిపాప అను భేదము వీటికి లేదు. ఇవి వ్యాపింపకుండ చూచుటలో గల చిక్కేమనగా, వీటి ముడిపదార్థములలో అనేకము నిత్యజీవితమునకు కావలసినవే. 1936లో గెర్హార్డ్ ష్రాడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పంటలకు పురుగుమందు వెదకుచు, నరములను స్తంభింపజేయు టాబున్ అను ఘోర విషమును కనుగొనెను. అట్లని పురుగుమందుల పరిశోధనను, క్లోరినును నిషేధింపగలమా? నిషేధింపవలసినది దుర్వినియోగమును. వస్తువునకు మాత్రము లెక్క ఉండవలెను.

నిషేధము మాత్రమే చాలలేదు

విషవాయువులను యుద్ధములో వాడరాదని 1925లోనే జెనీవాయందు దేశములు ఒడంబడిక చేసికొనినవి. ఇరాకు దేశము 1931లో అందు చేరెను. కాని తయారీని, నిల్వను ఆ ఒడంబడిక ఆపలేదు. తనిఖీ చేయువారును లేరు. ఇరాకులో ఆ విషములు తయారైన కర్మాగారము పైకి పురుగుమందుల సంస్థగా చెలామణి అయినది. దానికి వలసిన యంత్రములు, రసాయనములు విదేశములనుండి వ్యాపార సరకుగానే వచ్చినవి. 1988 మార్చి 16వ తేదీన ఆ దేశపు సైన్యము హలబ్జా అను కుర్దుల పట్టణముపై విషవాయువును ప్రయోగించగా సుమారు 5,000 మంది మరణించిరి. వారిలో అనేకులు స్త్రీలు, బాలలు.

తనిఖీతో కూడిన ఒడంబడిక

ఈ లోపమును సవరించినది 1997 ఏప్రిల్ 29న అమలులోనికి వచ్చిన రసాయనాయుధ నిషేధ ఒడంబడిక. దీని పద్ధతి మన గ్రామములకు పరిచితమైనదే. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరుగునపుడు మస్టరు రోలును చదివి ఊరకుండరు. చెరువు వద్దకు పోయి కొలత వేసి, కూలీలను విచారింతురు. అట్లే ప్రతి దేశమును తన ఆయుధములను, ముఖ్య రసాయనములను లెక్క చూపవలెను. హేగ్ నగరమందలి అంతర్జాతీయ సంస్థ తనిఖీదారులు కర్మాగారమునకు వచ్చి ఆ లెక్కను సరిచూతురు. భారతదేశము 1993లో దీనిపై సంతకము చేసి, 1996లో ధ్రువీకరించి, తనవద్ద గల రసాయనాయుధములను ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా ధ్వంసము చేసెను. ప్రపంచ దేశములు ప్రకటించిన నిల్వలన్నియు 2023 జూలై నాటికి ధ్వంసమైనవి.

లోపములు లేకపోలేదు. సిరియా 2013లో చేరి లెక్క చూపినను, అది సంపూర్ణము కాదని ఆ సంస్థయే పలుమార్లు తెలిపెను. 1975లో అమలులోనికి వచ్చిన జీవాయుధ నిషేధ ఒడంబడికకు నేటికిని తనిఖీ వ్యవస్థ లేదు.

అణుశక్తి సంగతి

హైదరాబాదులోని అణు ఇంధన సముదాయము 1971లో స్థాపితమైనది. విద్యుత్తు తయారుచేయు అణు కేంద్రములకు ఇంధనము ఇచ్చటినుండి పోవును. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో భారతదేశము 2009లో చేసికొనిన ఒప్పందము ప్రకారము, పౌర వినియోగమునకు కేటాయించిన కేంద్రములు ఆ సంస్థ తనిఖీకి లోబడును. హైదరాబాదు సముదాయములోని కొన్ని విభాగములు వాటిలో చేరినవి. సైనిక కేంద్రములు ఇందు చేరవు. మన దేశము 1974లోను, 1998లోను అణు పరీక్షలు జరిపినది. 1968 నాటి అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒడంబడిక ఐదు దేశములకు మాత్రమే అణ్వాయుధ దేశములుగా గుర్తింపు ఇచ్చినందున అది అసమానమని మన ప్రభుత్వము దానిపై సంతకము చేయలేదు. అయినను ఆ ఆయుధములు ఇతరుల చేతికి పోనీయరాదన్నది మన ప్రభుత్వ విధానము.

మన చట్టము

2004లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1540వ తీర్మానము ద్వారా, ఈ ఆయుధములు ప్రభుత్వేతరుల చేత చిక్కకుండ ప్రతి దేశమును చట్టము చేయవలెనని నిర్దేశించెను. మన పార్లమెంటు 2005లో అట్టి చట్టమును చేసినది. ఈ ఆయుధములను అక్రమముగా తయారుచేయుట, కలిగియుండుట, చేరవేయుట నేరములు. వీటికి యావజ్జీవ కారాగారము వరకు శిక్ష కలదు. 2022 నాటి సవరణ ఇట్టి పనులకు ధనము సమకూర్చుటను కూడ నిషేధించినది. ఉభయ వినియోగము గల వస్తువులకు ప్రత్యేక జాబితా కలదు. వాటిని ఎగుమతి చేయువారు ప్రభుత్వ అనుమతి పొందవలెను.

పంచాయతీకి దీనితో ఏమి పని?

ఈ చట్టము పంచాయతీపై ప్రత్యేక బాధ్యత నేదియు మోపలేదు. కాని దాని మూలసూత్రము పంచాయతీ గడపలోనే కలదు. 1968 నాటి పురుగుమందుల చట్టము ప్రకారము విక్రేతకు లైసెన్సు ఉండవలెను. నిల్వకు, అమ్మకమునకు లెక్క ఉండవలెను. బ్లీచింగు పొడి ఎంత వచ్చినది, ఎంత వాడినది నిల్వ రిజిస్టరులో చూపవలెను. రిజిస్టరు వ్రాయుట, అడిగినపుడు చూపుట, నిల్వను దానితో పోల్చి చూచుట అను మూడు అలవాట్లు లేనిచోట చట్టము కాగితముపైననే నిలుచును. ఊరి గిడ్డంగికైనను, ప్రపంచమునకైనను ఇది ఒక్కటే న్యాయము.

గ్రామసభలో చర్చించుటకు

1. 1925 నాటి ఒడంబడిక ఉండియు హలబ్జా దారుణము ఏల జరిగినది?
2. మన ఊరి బ్లీచింగు పొడి నిల్వను రిజిస్టరుతో పోల్చి చూచి ఎన్నాళ్లయినది?
3. పొలములలో మిగిలిన పురుగుమందు, ఖాళీ డబ్బాలు ఎచ్చటికి చేరుచున్నవి? వాటికి లెక్క చెప్పువారెవరు?