వైఫై ఉన్నా ఇంటర్నెట్ రాకపోతే

పరీక్ష రుసుము కట్టడానికి ఈ రోజే ఆఖరు. కంప్యూటరులో వైఫై గుర్తు ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఏం చేస్తారు?

ముందు ఫోనులో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైకి కలిపి చూడండి. ఫోనులో వస్తే లోపం కంప్యూటరులోనే. దాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఫోనులోనూ రాకపోతే రౌటరు దీపాలు చూడండి. ఫైబరు కనెక్షనులో ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. తీగను మీరు కెలకవద్దు, కంపెనీకి చెప్పండి. ఈలోగా ఫోను హాట్‌స్పాట్‌తో రుసుము కట్టేయండి.

వేగమే తక్కువా? ఢిల్లీ లక్ష్మీనగర్ వంటి ఇరుకు పేటల్లో పక్కిళ్ల రౌటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంటే, సంతలో మాటల్లా ఒకటి మరొకదాన్ని వినబడనివ్వదు. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అది గోడలను అంతగా దాటలేదు, రౌటరున్న గదిలోనే కూర్చోండి.

పాఠగత ప్రశ్న: ఫోనుతో పరీక్షించే ముందు మొబైల్ డేటా ఎందుకు ఆపాలి?